జడ్డిగంలో మొదటి పిడికిలి

మా మనవరాలి బడిలో టీచరమ్మ అలసంద గింజల్ని తడి దూదిలో పెట్టి మొలకెత్తించి తెమ్మన్నదట. పాప ఒక గాజు గ్లాసులో పెట్టి కిటికీలో ఉంచింది. పక్కింటి పిల్ల కూడా అదే రోజు పెట్టింది. ఆ పిల్ల గింజ ముందు మొలిచింది. అప్పటినుంచి మా పాప అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటోంది. ఇంత చిన్నదానికి ఇంత ఏడుపేమిటని వాళ్ళమ్మ కసిరింది. నాకు మాత్రం అది చిన్నదిగా కనబడలేదు. మొలకల దగ్గర కడుపు మండడం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఒకసారి మండిన మంట ఇన్నేళ్ళయినా నాకు పూర్తిగా చల్లారలేదు.

మాది ఎర్ర నేలల మెట్ట ఊరు. వాన పడితే చెనక్కాయ వేసేవాళ్ళం, పడకపోతే అరుగు మీద కూర్చుని మబ్బులను తిట్టేవాళ్ళం. మా ఇల్లు మట్టి మిద్దె. మిద్దె మధ్యలో వెలుతురు కోసం ఒక కంత ఉండేది, దాన్ని గవాచి అనేవాళ్ళం. వాన వచ్చేట్టుంటే నాయన పైకెక్కి దాని మీద బండ మూసేవాడు. ఎండ వేళ దాంట్లోంచి పడే వెలుగులో దుమ్ము తిరుగుతూ ఉంటే, నేను దాన్ని పట్టుకోవాలని చేతులాడించేదాన్ని. పేడతో అలికిన నేల వాసన, గోనె సంచుల వాసన, పొయ్యి మీద ఉడికే రాగి సంగటి వాసన ఆ ఇంట్లో ఎప్పుడూ కలిసే ఉండేవి.

ఇంట్లో నాయన, అమ్మ, నేను, మా అవ్వ. అవ్వ అంటే నాయనకు అమ్మ. ఎద్దులకు గడ్డి వెయ్యడం దగ్గర నుంచి ఊరుబిండి పచ్చడిలో ఎన్ని మిరపకాయలు పడాలన్నదాకా ఆమె మాటే మాట. ఆమె ఎవరినీ పొగిడేది కాదు. ఎవరైనా పని బాగా చేస్తే "ఊఁ" అనేది, అంతే. ఆ "ఊఁ" కోసం నేను ఎన్ని బిందెలు మోశానో.

విత్తనం వేసే ముందు మొలకల బుట్ట పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. చిన్న వెదురు బుట్టలో ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిపి పోసి, జొన్నలు, కొర్రలు, పెసలు, ఉలవలు చల్లి, పసుపు నీళ్ళు చిలకరించి ఇంట్లో ఒక మూల పెట్టాలి. ఆడపిల్ల చేత్తోనే పెట్టాలి. మొలకలు పొడుగ్గా, పసుపు రంగులో వస్తే ఆ పిల్ల చెయ్యి చల్లనిదని లెక్క. ఆ ఏడు జడ్డిగంలో మొదటి పిడికిలి ఆ పిల్లదే. జడ్డిగం అంటే విత్తే గొర్రుకు కట్టిన చెక్క గిన్నె. దాంట్లో వేసిన గింజలు వెదురు గొట్టాల్లోంచి జారి సాలులో పడతాయి. నాయన గొర్రు పట్టుకుంటే ఆడవాళ్ళు వెంట నడుస్తూ గింజలు వదిలేవాళ్ళు. వాళ్ళందరికంటే ముందు, ఎద్దులు కదలబోయే ముందు, ఊరి వాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తుండగా, అవ్వ ఒక పిల్ల చేతిలో గింజలు పోసి "వెయ్" అనేది. ఇంటికి నేనొక్కతినే ఆడపిల్లను కాబట్టి ఆ పిల్ల ఎప్పుడూ నేనే. వేరే వాళ్ళు ఉంటారని కూడా నాకు తట్టలేదు.

ఆ ఏడు మా మేనత్త కూతురు వచ్చింది. వాళ్ళది మడకశిర పక్క ఊరు. బావి ఎండిపోయి, మేత లేక, మామ గొర్రెలు తోలుకుని దూరం పోయాడు. అత్త కూడా వెంట పోయింది. పిల్లను మాత్రం మా ఇంట్లో దింపి పోయారు. నాకంటే కొంచెం పెద్దది, నాకు వదిన వరస. నడుము దిగిన జడ, మాటలో కన్నడ యాస. ఒక గుడ్డ సంచీతో అరుగు మీద కూర్చుని ఉంటే మా అవ్వ వచ్చి ఆమె తల నిమిరింది. కూతురి కూతురు కదా, నిమరక ఏం చేస్తుంది? కానీ అవ్వ చెయ్యి తల నిమరడానికి కూడా పనికొస్తుందని నాకు ఆరోజే తెలిసింది.

ఆ తర్వాత నేను గమనించనిది లేదు. పెరుగు మీద మీగడ వదినకు, కింద నీళ్ళ పెరుగు నాకు. అలసంద గుగ్గిళ్ళు పంచితే ఆమె దోసిలి నిండేది, నా దోసిట్లో వేళ్ళు కనబడేవి. "వాళ్ళ అమ్మ దగ్గర లేదు గదా పాపా" అని అమ్మ నన్ను సముదాయించేది. నాకు అమ్మ దగ్గరే ఉంది కాబట్టి మీగడ అక్కర్లేదట. ఇదెక్కడి న్యాయం అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని.

విత్తనం కాయలు వలిచే రోజులు వచ్చాయి. వాడకట్టు ఆడవాళ్ళంతా మా పంచలో కూర్చుని చెనక్కాయలు రాతి మీద కొట్టి వలిచేవాళ్ళు. అవ్వకు ఒక కట్టడి ఉండేది. వలిచేటప్పుడు ఎవరూ మాట ఆపకూడదు. మాట ఆగిందంటే నోట్లో గింజ పడిందన్నమాట. అందుకని అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాళ్ళు. పామిడి సంతలో ఎద్దుల సంగతి, ఎవరి కోడలు ఎవరితో కొట్లాడిందన్న సంగతి, అన్నీ అక్కడే. నేను నమలకుండా గింజను దవడలో దాచి, అది నానే దాకా మాట్లాడే విద్య నేర్చుకున్నాను. వదినకు మాట్లాడే అలవాటే లేదు. నోరు విప్పకుండా వలుచుకుంటూ పోయేది. ఈసారి అవ్వ చేతిలో తిట్లు తింటుందని నేను ఎంతో ఆశగా కాచుకున్నాను. అవ్వ ఆమె వైపు చూసి, "ఈ పాపది మాట కంటే చెయ్యి ముందు పోతాది" అని నవ్వింది. నా దవడలో గింజ చేదెక్కింది.

కాయలు వలిచాక గింజ మంచిదో కాదో నాయన పరీక్ష చేసేవాడు. తడిపిన గోనె పట్టాలో కొన్ని గింజలు పరిచి, చుట్టి, గడ్డివామి కింద వెచ్చగా పెట్టేవాడు. కొన్నాళ్ళకు విప్పి మా ఇద్దరినీ పిలిచాడు. తడి గోనె నుంచి ముక్కిన వాసన వేసింది. నాయన ముందుగా, ఇంకా మొలవని ఒక గింజను గోటితో రెండు బద్దలుగా విప్పి చూపించాడు.

"ఈ మొదట్లో ముక్కు మాదిరి ఉండాదే, అదే చెట్టు. నిద్రపోతాండాది. ఈ రెండు బద్దలూ దాని సద్ది మూట."

ఆ ముక్కుకు రెండు పక్కలా ముడుచుకున్న ఆకులు కూడా ఉన్నాయి. చీమ తలకాయంత ఆకులు. నీళ్ళు తగిలితే గింజ తాగి ఉబ్బుతుందని, ఎర్ర తోలు పగులుతుందని, ముక్కు ముందు కిందికి దిగి వేరవుతుందని నాయన ఒక్కొక్క గింజా తీసి వరసగా చూపించాడు. ముందు కాలు నిలదొక్కుకుని, ఆ తర్వాతే తల ఎత్తుతుందట. ఆకులు విచ్చుకునే దాకా ఆ సద్ది తినే బతుకుతుందట. నీళ్ళు ఎక్కువైతే ఊపిరాడక కుళ్ళుతుందని, చల్లగా ఉంటే లేవదని, అందుకే గడ్డి కింద పెట్టానని చెప్పాడు. ముక్కు విరిగిన గింజ ఎంత లావుగా ఉన్నా తినడానికి తప్ప విత్తడానికి పనికిరాదట. నేను అన్నిటికీ తల ఊపాను. వదిన ఒక గింజను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది బోర్లా పడినా వేరు కిందికే తిరిగింది మామా. నేల యాడుండాదో దానికెట్లా తెలుస్తాది?"

"మంచి మాట అడిగినావు పాపా" అన్నాడు నాయన. "నాకూ తెలీదు."

నేను పుట్టినప్పటినుంచి నాయనను వెయ్యి మాటలు అడిగి ఉంటాను. ఒక్కదాన్ని కూడా ఆయన మంచి మాట అనలేదు. ఆరోజు సాయంత్రం వదిన జడ కొసను మంచం పట్టెకు కట్టి వచ్చాను. ఆమె అరవలేదు, ఎవరికీ చెప్పలేదు, విప్పుకుని పోయింది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇంతలో మొలకల బుట్టల సమయం వచ్చింది. అవ్వ రెండు బుట్టలు తెచ్చి మా ముందు పెట్టింది. ఎవరి చోటు వాళ్ళే చూసుకోండి అన్నది. ప్రతి ఏడూ అమ్మ నా బుట్టను బానల వెనక మూలలో పెట్టించేది. ఆ చీకటి మూల ఎవరికి కావాలి? ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు గవాచి కింద. అక్కడ వెలుగు, గాలి, అటూ ఇటూ పోయేవాళ్ళ చూపు అన్నీ ఉంటాయి. ఇంటి ఆడపిల్లను నేను కాబట్టి ఆ చోటు నాదేనని ముందే పోయి బుట్ట పెట్టేశాను. వదిన తన బుట్ట తీసుకుని బానల వెనక్కి పోయింది.

రెండు బుట్టలూ మొలిచాయి. వదిన బుట్టలో మొలకలు రోజురోజుకూ సాగిపోయాయి. సన్నగా, జానెడు దాటి, మేలిమి పసుపు రంగులో. నావి పొట్టిగా, ఆకుపచ్చగా, మొండిగా నిలబడ్డాయి. నాకు అర్థమైపోయింది. వదిన చాటుగా పసుపు ఎక్కువ వేస్తోంది. లేకపోతే అంత రంగు ఎట్లా వస్తుంది? నేను వంటింట్లో పసుపు డబ్బా తీసి, రెండు చారెళ్ళు నీళ్ళలో కలిపి నా బుట్టలో పోశాను. మర్నాడు మట్టి పసుపుగా ఉంది, మొలక ఆకుపచ్చగానే ఉంది. ఇంకా పోశాను. నా చేతులు, లంగా, ఆఖరికి ముక్కు కూడా పసుపయ్యాయి. మొలక మాత్రం రంగు మారలేదు. కూరలో పసుపు లేదని అమ్మ ఇల్లంతా వెతికింది.

ఎంచే రోజు అవ్వ రెండు బుట్టలూ వాకిట్లోకి తెప్పించింది. వదిన బుట్ట ముందు వంగి, మొలకల మీద అరచెయ్యి ఆనించి చూసింది. నా బుట్టను చూడనే లేదు. "ఈ యేడు మొదటి పిడికిలి మడకశిర పాపది" అని చెప్పి లోపలికి పోయింది. వాడకట్టు వాళ్ళు వదిన చేతులు పట్టుకుని తిప్పి చూశారు, బంగారమేదో అంటుకున్నట్టు.

నేను గడ్డివామి చాటుకు పోయి ఏడుస్తుంటే నాయన వచ్చాడు. వదిన పసుపు దొంగిలించిందని చెప్పాను. ఆయన నా ముక్కు చూసి నవ్వాపుకున్నాడు. రంగు పసుపు నీళ్ళది కాదన్నాడు.

"చీకట్లో ఉండే మొలక వెలుతురు యాడుండాదో అని ఎతుక్కుంటా పైపైకి పోతాది. తెచ్చుకున్న సద్దంతా పొడుగయ్యేదానికే అయిపోతాది. ఎండ తగిలితేనే ఆకుకు పచ్చదనం వచ్చేది, సొంతంగా వండుకునేది. నీది వండుకుంటాండాది. అందుకే పొట్టిగా, గట్టిగా ఉండాది."

"అయితే నాదే మంచిది. అవ్వకు చెప్పు నాయనా."

నాయన నా ముక్కు మీది పసుపు తుడిచాడు. అవ్వ తన అమ్మ దగ్గర నుంచి పసుపు మొలకే చూస్తూ వచ్చిందని, ఇప్పుడు కాదంటే వినదని అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఆ పాపకు ఈ యేడు అదొకటి ఉండనీ" అన్నాడు. ఆ మాట నా చెవికి ఎక్కలేదు. నాది మంచిదని తెలిసి కూడా నాయన నోరు మెదపలేదన్నదే ఎక్కింది. వదిన తన మొలకలు కొన్ని తీసి నీళ్ళు పోసుకునే బండ పక్కన నాటుకుంది. మొదట వాలిపోయినా, ఎండ తగిలాక కొన్ని తేరుకుని అవి కూడా ఆకుపచ్చగా తిరిగాయి. చివరికి నా రంగు కూడా ఆమెకే దక్కింది.

వాన రాలేదు. రోజూ పొద్దున్నే అందరూ పడమటి దిక్కు చూసేవాళ్ళు. వాన రావాలని అందరూ మొక్కుతుంటే, వదిన వాళ్ళ ఊరికి పోవాలని నేను మొక్కాను. ఏ దేవుడో ఆ రెండోదాన్ని ముందు విన్నాడు. ఒక మధ్యాహ్నం గొంగడి భుజాన వేసుకుని మామ వచ్చాడు.

"మాకాడ పదునైంది బావా. పాపను తోలుకపోతాను. చేన్లో పని ఉండాది."

పదును అంటే విత్తడానికి సరిపడా నేల తడవడం. అవ్వ లేచి, మా విత్తనం గింజల్లోంచి ఒక మూట కట్టి వదిన నెత్తిన పెట్టింది. ఎంచి, ముక్కు విరగని గింజలే కట్టింది. పోతూ పోతూ వదిన నా వైపు చూసింది. ఏదో అంటుందేమోనని నేను తల తిప్పుకున్నాను. బస్సు పోయింది.

మర్నాడే మాకూ వాన పడింది. నాయన మిద్దెక్కి గవాచి మూశాడు. ఎర్రమట్టి వాసనకు ఎద్దులు కూడా ముట్టె ఎత్తి నిలబడ్డాయి. నేల కాస్త ఆరగానే గొర్రు కట్టారు. అందరూ గట్టు మీద చేరారు. అవ్వ గింజల గంప పక్కన పెట్టుకుని బస్సు దారి వైపు చూసింది.

"ఆ పాప ఉండుంటే బాగుండు" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "సరే, నువ్వే ఎయ్" అన్నది.

గింజలు నా చేతిలో పోసింది. చల్లగా, నున్నగా ఉన్నాయి. నేను కోరుకున్నది అదే కదా, కానీ నేను అనుకున్నట్టు లేదు. నేను వేస్తుంటే వదిన గట్టు మీద నిలబడి చూడాలి. ఆమె చూడాలనే నాకు అంత పట్టుదల. గట్టు మీద ఆమె లేదు. జడ్డిగంలో వేశాను. గొట్టాల్లో గింజలు గలగలా జారాయి, ఎద్దులు కదిలాయి. ఆడవాళ్ళు నన్ను పక్కకు జరిపి తమ పని మొదలుపెట్టారు. అవ్వ "ఊఁ" అనలేదు.

అయినా ఆ మొదటి సాలు నాదని నేను రోజూ పోయి చూసేదాన్ని. మొదట నేల సన్నగా పగిలింది. ఆ పగులులోంచి మొలక మెడ వంచుకుని, ఆ తర్వాత తల ఎత్తి, రెండు బద్దలూ ఎడంగా విప్పింది. మధ్యలోంచి మడత పెట్టిన ఆకులు వచ్చాయి. నాయన చూపించిన చీమ తలకాయంత ఆకులే. చెట్టు పెద్దదయ్యే కొద్దీ ఆ బద్దలు ముడుచుకుని ఎండిపోయాయి, సద్ది అయిపోయింది. పసుపు పూలు పూశాయి. పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సూది లాంటి ఊడ ఒకటి బయలుదేరి, వంగి, నేలలోకి దిగుతుంది. పైన పూసి కింద కాసే చెట్టు అది. ఊడ దిగే వేళకు నేల మెత్తగా లేకపోతే అంతా దండగ. ఆ ఏడు సరిగ్గా ఆ వేళకే వాన పడింది. పీకితే మట్టి ముద్దలా కాయలు వేలాడాయి. అటువంటి పంట మా చేలో అంతకు ముందు నేను చూడలేదు. మడకశిర పక్క మాత్రం ఆ మొదటి పదును తర్వాత చుక్క పడలేదని, వదిన వాళ్ళ చెట్లు పూత మీదే మాడిపోయాయని చాలా రోజులకు తెలిసింది. అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తను కట్టిచ్చిన గింజలేనని తల్చుకుని తల్చుకుని బాధపడింది. మా ఇంటి నిండా కాయలు పోసి ఉన్నాయి, వాటిని చూసి సంతోషించేవాళ్ళు లేరు.

తర్వాత వాళ్ళు ఆ చేను అమ్ముకున్నారు. వదిన పెళ్ళై గోరంట్ల దగ్గర కూలి పనులు చేసుకుంటూ బతికింది. నాకూ పెళ్ళయింది. మా చేను మాకే ఉంది, నాయన బతికి ఉన్నంత కాలం గొర్రు ఆయనే పట్టాడు.

ఆయన, ఆ వెనకే అమ్మ పోయాక అవ్వ మంచం పట్టింది. చూపు తగ్గి, మాట తడబడి, ఈ ఏడు సంగతి ఆ ఏడులో కలిపేది. నేను పుట్టింట్లోనే ఉండి ఆమెకు చెయ్యవలసినవన్నీ చేశాను. సంగటి మెత్తగా పిసికి నోట్లో పెట్టింది నేను, పక్క మార్చింది నేను. ఒకరోజు మధ్యాహ్నం వదిన చూడటానికి వచ్చింది. జడ సన్నబడింది, చేతులు పగుళ్ళు వేసి ఉన్నాయి. మంచం పట్టె మీద కూర్చుని చెయ్యి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ ఆ చెయ్యిని తడిమి తడిమి గుర్తుపట్టింది. ముఖం విప్పారింది.

"ఈ చెయ్యే. ఆ యేడు జడ్డిగంలో మొదటి పిడికిలి ఏసిన చెయ్యి ఇదే. అట్లాంటి పంట మళ్ళా సూడలా" అన్నది.

నేను నీళ్ళ చెంబుతో తలాపున నిలబడి ఉన్నాను. వదిన తలెత్తి నా వైపు చూసింది. అది తన చెయ్యి కాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆరోజు గొర్రు పట్టిన నాయన లేడు, గట్టు మీద నిలబడి చూసిన వాళ్ళెవరూ అక్కడ లేరు. చెప్పడానికి నేను నోరు తెరిచాను. అవ్వ ఆ పగుళ్ళ చెయ్యిని చెంపకు ఆనించుకుంది.

"అవునవ్వా" అన్నది వదిన. "నేనే ఏసినాను."

పోయేటప్పుడు వాకిట్లో నిలబడి, "కాదనేదానికి నోరు రాలా. ఏమీ అనుకోవద్దు" అన్నది. నేనేమీ అనుకోలేదని చెప్పి, బస్సుకు ఆలస్యమవుతుందని తొందరపెట్టాను.

ఆ తర్వాత అవ్వ ఎన్నాళ్ళో బతకలేదు. ఆ కాస్త కాలం కూడా చూడవచ్చిన వాళ్ళందరికీ అదే మాట చెప్పింది, మడకశిర పాప చెయ్యి చల్లనిదని. చెబుతున్నంతసేపూ ఆమె నోట్లో సంగటి పెడుతున్నది నా చెయ్యి. నేను దిద్దలేదు. దిద్దితే ఆమె నమ్మదు, నమ్మినా ఆ ముఖం అట్లా విప్పారదు.

వదిన బతుకులో దక్కించుకున్నది ఏమీ లేదని అందరూ అంటారు, నేనూ అంటాను. చేను పోయింది, గొర్రెలు పోయాయి, ఒళ్ళు అరిగిపోయింది. నాకు చేను ఉంది, ఇల్లు ఉంది, ఆ పిడికిలి వేసింది కూడా నేనే. అయినా ఆ మధ్యాహ్నం అవ్వ చెంపకు ఆనించుకున్న చెయ్యి నాది కాదు. దాని కోసం నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది.